సొట్ట మీద అరచెయ్యి

ఆయన కాగితం తీసేముందు కారు చుట్టూ తిరిగేవాడు. ప్రతి సొట్ట మీదా అరచెయ్యి పెట్టి, "ఇదెక్కడ తగిలిందండీ?" అని అడిగేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్సూరెన్స్ ఏజెంటు, గుంటూరు వైపు మనిషి.

నేను నల్గొండ నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ట్యాక్సీ నడిపేవాణ్ని. ఒక్క ఏడాదిలో రెండుసార్లు గుద్దాను. అది తెలిసి మిగతా ఏజెంట్లు నా బండి వైపే చూడలేదు.

"థర్డ్ పార్టీ ఒక్కటే చాలా?" అన్నాడాయన.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఆంధ్రా మనిషి పార్టీ అనేసరికి నాకు ఒళ్లు మండింది. "నాకు ఏ పార్టీ లేదు సార్. ఉద్యమంల ఉన్న, గంతే!"

ఆయన పడీ పడీ నవ్వాడు. "ఆ పార్టీ కాదండీ బాబూ! మీరు గుద్దితే అవతలివాళ్లకిచ్చేది. మీ బండికేం రాదు. బందుల్లో రాళ్లు పడుతున్నాయి, ఫుల్ ఇన్సూరెన్స్ చేయించండి. ఖరీదెక్కువే."

"గా రెండు యాక్సిడెంట్లు రాయకుండ్రి సార్, జర తగ్గుతది."

"దాస్తే ఇవాళ తగ్గుద్ది. రేపు అద్దం పగిలితే కంపెనీ చేతులెత్తేస్తది," అంటూ ఫుల్ ఇన్సూరెన్స్ కాగితంలో ఆ రెండు యాక్సిడెంట్లూ రాశాడు.

ఆ ఏడే ఒక బందులో ముందు అద్దం పగిలింది. కొత్తది కంపెనీయే వేయించింది.

తర్వాత సొట్టలన్నీ తీయించాను. ఆ అరచెయ్యి గుర్తొచ్చి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. రాష్ట్రం వచ్చిన ఏడు ఆయన మళ్లీ కారు చుట్టూ తిరిగాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. చివరికి నా భుజం మీద ఆగింది.

"ఈసారి తగ్గుద్దండీ," అన్నాడు, "ఏమీ దాచకుండానే."