గునుగు నాటిన కోడలు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను కొత్త కోడలిని. కొత్త రాష్ట్రం, కొత్త కాపురం, చేతిలో కొత్త ఫోను. ఈ మూడూ ఒకేసారి దొరికిన మనిషికి బుద్ధి ఒకచోట నిలవదని ఇప్పుడు తెలుస్తోంది. పెళ్లికి ముందు కొత్తకోటలో మేం రోడ్డు పక్కన మేడ మీద కిరాయికి ఉండేవాళ్లం. మట్టంటే నాకు లారీ పోయినప్పుడు కిటికీలోంచి వచ్చే దుమ్మే. అలాంటి నన్ను మర్రిగూడ దగ్గరి పల్లెలో ఇచ్చారు. అత్త అప్పుడు ఆడపడుచు పురుటికి పోయి ఉంది. ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా కనబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చి, పూలతోట వేస్తానని మామతో చెప్పేశాను. ఆయనేమో అక్కడ పత్తి బస్తాలకు షెడ్డు వేద్దామని అప్పటికే రేకులు తెచ్చిపెట్టుకున్నాడు. అన్నం కలుపుతూనే, "సరె బిడ్డా, ఉగాది దాక సూస్త. పువ్వు పూస్తె జాగ నీది, లేకుంటె షెడ్డే" అన్నాడు. నవ్వుతూ అన్నా ఆయన మాట మాటే. ఆ ఇంట్లో ఇది నాదని చెప్పుకోవడానికి నాకు జానెడు చోటు లేదు (బీరువా కూడా అత్తదే), అందుకే ఆ జాగా మీద అంత ఆశ.

ఫోనులో చూసి విత్తనాలు తెప్పించాను. ఒక పొట్లం స్ట్రాబెర్రీ, ఇంకోటి 'సెలోషియా' అట, మీద గులాబీ రంగు కంకుల బొమ్మ. స్ట్రాబెర్రీ మొలిచి, మా ఊరి ఎండను ఒకసారి చూసి తల వాల్చేసింది. సెలోషియా మాత్రం ఏపుగా లేచింది. బియ్యం కడిగిన నీళ్లు పోశాను, పాత చీరతో నీడ కట్టాను, ఒక్కో మొక్కనూ పేరుపేరునా పలకరించాను (మా ఆయన్ని కూడా అంతగా పలకరించలేదు). మామా, మా ఆయనా తెల్లారకముందే చేనుకు పోయే మనుషులు, వెనక్కి తొంగి చూసిందే లేదు. ఉగాది ముందు కంకులు తొడిగాయి.

పండగ ముందురోజు పిండి పట్టించుకొద్దామని గిర్నీకి పోయాను. వచ్చేసరికి అత్త ఊరినుంచి దిగి, సంచి పక్కన పెట్టి, ఖుర్పీతో నా తోటలో కూర్చుని ఉంది. దాదాపు మొక్కలన్నీ కుప్ప. "ఆగు అత్తమ్మా!" అని కెవ్వుమన్నాను.

"గిదేంది పిల్లా, నేను లేకుంటె గింత గునుగు పెరగనిచ్చిన్రా?"

"గునుగేంది? అవి నేను నాటిన పూలమొక్కలు!"

అత్త ఖుర్పీ కింద పెట్టి నోరు తెరిచింది. "గునుగు నాటినవా? ఓరి దేవుడా! చేన్ల గునుగు పీకి పీకి మా నడుములు వంగిపాయె, నువ్వు నాటినవా?"

నా సెలోషియా ఈ గునుగేనని నాకేం తెలుసు? బతుకమ్మకు బజార్లో రంగులద్దిన కట్టలు కొనడమే తప్ప, గునుగుకు వేళ్లుంటాయనైనా ఎరగను. సాయంత్రానికి ఊరంతా నవ్వింది. నేను అలిగి, పిండి డబ్బా వెనక కూర్చుని ఏడ్చాను.

ఉగాది పచ్చడి తాగి మామ షెడ్డు కొలతకు టేపు పట్టుకుని వెనక్కి వచ్చాడు. నా కేకకు అత్త చేతిలోంచి బతికిపోయిన మొక్క ఒక్కటే నిలబడి ఉంది, ఒక కంకి వేసుకుని. "గిది గునుగు గదనే" అన్నాడాయన. నేను నోరెత్తేలోపే అత్త అడ్డం నిలబడింది. "గునుగు పువ్వు గాదా? మరి బతుకమ్మ మీద ఎందుకు పెడ్తున్నం? పూసిందా లేదా? నీ మాటకు విలువున్నదా లేదా?" మామ రేకుల వైపు ఒకసారి చూశాడు. టేపు చుట్టుకుని పోయాడు. అత్త మామకు ఎదురు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

కాసేపటికి అత్త నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "బిడ్డా, గా మూలకు జర నాలుగు కనకాంబరాలు పెట్టుకోనిస్తవా? పెండ్లయి వచ్చిన సంది అనుకుంటున్న. కొట్టమని, గడ్డివామని, నాకు జాగనే దొరకపాయె."

నేను పట్టా చేతికొచ్చిన పటేలులా నడుం మీద చెయ్యేసుకుని, "చూద్దాం అత్తమ్మా" అన్నాను. పైగా ఆమె "సరె బిడ్డా" అని తలూపింది! అప్పటి ఆ కొత్త కోడలు ఇప్పుడు కనబడితే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. ఎంత గర్వమో దానికి, ఒక్క గునుగు మొక్కకు.