మర లేని మోటారు, మోటారు లేని మర

ఆ పేటలో ఎవరింట్లో పిండి తడిపినా అది పిన్ని మరలో ఆడిందే. ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు. పిండిమర పిన్ని కాస్తా, పిలిచేవాళ్ళ బద్ధకం కొద్దీ, ఉత్త పిన్ని అయింది. మొగుడు పోయేనాటికి ఆవిడకు మిగిలినవి రెండు మరలు, ఒక మోటారు, ఒక అత్తగారు. పెద్ద మర మెత్తగా ఆడుతుంది, చిన్న మర రవ్వ పడుతుంది. మోటారు ఒక్కటే కాబట్టి బెల్టు తీసి ఒకసారి దీనికీ ఒకసారి దానికీ తగిలించాలి. అత్తగారికి చెవుడు. అయినా మర తిరుగుతోందో లేదో ఆవిడకు మంచం కోళ్ళు వణికి చెప్పేవి.

మోటారు సంగతి కూడా చెప్పాలి. మూతబడిన ఏదో మిల్లులో పిన్ని మొగుడు కొనుక్కొచ్చాడు దాన్ని. ఒట్టి తిండిపోతు. అది లేచిందంటే వీధి దీపాలన్నీ ఒకసారి కళ్ళు మూసి తెరిచేవి. మొండికేసినప్పుడు ఆయన సుత్తితో ఒకే చోట ఒకే దెబ్బ వేసేవాడు. అక్కడ సొట్ట పడింది. ఆయన పోయాక సుత్తి పిన్ని చేతికొచ్చింది, దాన్ని తిట్టే పని కూడా ఆవిడదే అయింది. ఏమైతేనేం, ఆ తిట్లూ దెబ్బల మధ్యే ఇల్లు గడిచింది.

ఇలా ఉండగా కేంద్రానికీ రాష్ట్రానికీ స్నేహం కుదిరింది. అంతకుముందు కరెంటు పోయినప్పుడల్లా కేంద్రం ఇవ్వలేదని రాష్ట్రం, ఇచ్చింది తగలేశారని కేంద్రం తిట్టుకునేవారు. జనానికి చీకట్లో కాలక్షేపానికి లోటుండేది కాదు. ఇప్పుడు ఇద్దరూ చేయీ చేయీ కలిపి కరెంటు ఆదా చేస్తామన్నారు. పాత మోటార్లను కేంద్రం తీసుకుపోతుంది, కరెంటు తక్కువ తాగే కొత్త మోటార్లను రాష్ట్రం ఇస్తుంది. ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు ఉంటుందా అనుకుంది పిన్ని. తీసుకుపోయేవాళ్ళు మర్నాడే వచ్చారు. ఇచ్చేవాళ్ళు రాలేదు.

పిన్ని రాష్ట్రం ఇంజినీరు దగ్గరికి వెళ్ళింది.

"పాతది ముక్కలు చేశామని కేంద్రం వాళ్ళు మాకు చెప్పాలమ్మా. అప్పటిదాకా మేం కొత్తది ఇవ్వకూడదు" అన్నాడాయన.

కేంద్రం ఇంజినీరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మరీ మర్యాదస్థుడు. కుర్చీ వేయించాడు.

"మీదాన్ని ముక్కలు చెయ్యలేదమ్మా. ప్రత్యేకంగా ఎంపిక చేశాం."

"దేనికండీ?"

"అది పైవాళ్ళు చెప్తారు. మొత్తానికి మీరు అదృష్టవంతులు."

అదృష్టవంతురాలు రెండు ఆఫీసుల మధ్యా కాళ్ళరిగేలా తిరిగింది. బంతిని తన్నినట్టు ఒకరు అటు పంపితే ఒకరు ఇటు పంపారు. ఈలోగా పేటలో వాళ్ళు వంతెన అవతల మరకు పోవడం మొదలుపెట్టారు. పోతే పోయారు, పిండి లేకుండా ఎవరుంటారు? కానీ ఆవిడ గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు గింజల డబ్బా చాటుగా పట్టుకుని, నేల చూపులు చూస్తూ వెళ్ళేవారు. పిన్నికి ఆ చాటే గుచ్చుకుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే వాళ్ళకు వంతెన అలవాటైపోతుంది, తన మర మ్యూజియంలో పెట్టడానికి కూడా పనికిరాదు.

ఇంట్లో అత్తగారు మంచం మీద అరచేయి ఆనించి ఒకరోజు అడిగింది: "ఏమే, మర ఆగిపోయిందా, నేనే పోయానా?"

పిన్ని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

అప్పుడు బహుమతి వచ్చింది. కరెంటు ఆదాలో జిల్లాకంతా పిన్నే ఫస్టు. ఆవిడ మీటరు కదిలితే కదా! సభకు రెండు ప్రభుత్వాల పెద్దలూ వచ్చారు. జ్ఞాపిక ఎవరి చేతి మీదుగా ఇవ్వాలని తగువు రాకుండా ఇంజినీర్లిద్దరూ చెరో అంచూ పట్టుకుని ఇచ్చారు. సహకారమంటే అదీ.

"ఇంత ఆదా ఎలా సాధించారో నాలుగు మాటలు చెప్పండమ్మా" అని మైకు ముందుకు తోశారు.

"మోటారు మీరే పట్టుకుపోయారు కదండీ" అంది పిన్ని. హాలు చప్పట్లతో మోగిపోయింది. "కొత్తది ఇంకా ఇవ్వలేదండీ" అన్న రెండో మాట ఆ చప్పట్లలోనే కొట్టుకుపోయింది.

వేదిక దిగి, మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. పిన్ని అలాగే నిలబడిపోయింది. ఆ వణుకు ఆవిడకు తెలుసు. పక్క హాల్లోకి పరుగెత్తింది. అది ప్రదర్శనశాల. మధ్యలో దిమ్మె మీద, కొత్త రంగు పూసుకుని, సొట్టతో సహా, ఆవిడ మోటారు తిరుగుతోంది. పైన ‘కరెంటు దొంగ’ అని బోర్డు. పక్కన చెవుల్లో దూది పెట్టుకుని కాపలావాడు.

"ఎందుకయ్యా ఇది తిరుగుతోంది?"

"ఎంత కరెంటు తినేస్తుందో జనం చూడాలట. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆపకూడదని ఆర్డరు."

"ఏ జనం?"

కాపలావాడు హాలంతా కలయజూశాడు. "ఇంతవరకూ నువ్వొక్కదానివే పిన్నీ."

అక్కడ ఇంట్లో మర ఖాళీగా, ఇక్కడ మోటారు ఖాళీగా. పిన్నికి ఒళ్ళు మండింది. సొట్ట మీద చెయ్యి వేసి, "నిన్ను దొంగని చేశారా" అంది. కళ్ళు తుడుచుకున్నాక బుద్ధి పనిచేసింది.

మర్నాడు లారీ తోలే మరిదిని పిలిచి, పెద్ద మరను అతని లారీలో వేయించుకుని వచ్చింది. కాపలావాడు చేతులు జోడించాడు. "నా ఉద్యోగం ఊడుతుంది పిన్నీ!"

"ఎవరు పీకుతారు? హాలు ఎవరిది?"

"రాష్ట్రానిది."

"మోటారు?"

"కేంద్రానిది."

"మర నాది. తీసెయ్యమని వాళ్ళిద్దరూ కలిసి ఒక మాట మీదికొచ్చి చెప్పనీ, అప్పుడు తీస్తాను. అందాకా బెల్టు పట్టుకో."

కలిసి ఒక మాట మీదికి రావడం తేలికా? వారం తిరగకుండా ప్రదర్శనశాల ముందు డబ్బాలూ సంచులూ బారులు తీరాయి. ఎవరూ చాటుగా రాలేదు. ఆదా పట్ల ప్రజల్లో ఇంత ఆసక్తి ఎన్నడూ చూడలేదని రాష్ట్రం పేపర్లకు చెప్పింది. ఆ ఆసక్తి పుట్టించింది తామేనని కేంద్రం చెప్పింది. ప్రదర్శన పొడిగించారు, మళ్ళీ పొడిగించారు. అత్తగారిని కూడా తెచ్చి మర పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది పిన్ని. ఆవిడ నేలకు పాదాలానించి రోజంతా నవ్వుతూ ఉండేది.

అయినా ఇల్లు ఇల్లే. ఇంజినీర్లిద్దరూ ఒకే జీపులో కొత్త మోటారు వేసుకుని వస్తున్నారని తెలిసి పిన్ని ముందురోజే ఇంట్లో మర కొట్టం కడిగి, దిమ్మెకు సున్నం వేసింది. మర్నాడు జీపు ప్రదర్శనశాల ముందు ఆగింది. దించిన పెట్టె మీద ఆవిడ పేరే ఉంది.

"ఇంటికి ఎప్పుడు బిగిస్తారండీ?" అంది పిన్ని.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అన్నాళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు.

"ఇంటికి కాదమ్మా, ఇక్కడే, పాతదాని పక్కన. తేడా జనానికి తెలియాలి కదా! మంజూరు మాత్రం మీ పేరు మీదే."

"ఇది కూడా ఊరికే తిరుగుతుందా?"

"పొద్దుటినుంచి సాయంత్రం దాకా."

కడిగిన కొట్టం పిన్ని కళ్ళ ముందు మెదిలింది. వాళ్ళ మొహాల్లోని సంతోషం చూసింది. మరిది వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇంటికెళ్ళి చిన్న మర పట్రా. ఇంకో బెల్టు కూడా."

"ఏమంటున్నారే?" అని అత్తగారు కుర్చీలోంచి అడిగింది. పిన్ని ఆవిడ చెవిలో సంగతంతా అరిచి చెప్పింది.

అత్తగారు పాదాలను నేల మీద సర్దుకుంది. "అయితే నా మంచం కూడా తెమ్మనవే" అంది.