నాలుగో డోరు స్పీకర్

నమ్మకపోతే మీ ఇష్టం. నాకు అన్నం పెట్టిన ఈ రెండు చేతుల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నాకే జరిగింది.

ఎనభైల్లో సంగతి. సుబేదారిలో నాకొక రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. కార్లలో క్యాసెట్ ప్లేయర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. అందరూ స్పీకర్లు వెనక సీటు పైన పెట్టించుకునేవాళ్లు. డోర్లలో పెట్టించుకోవడం హైదరాబాద్ షోకు. మా వైపు ఆ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే అని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు ముందు సీట్లో కూర్చుని, ఒక్కో డోరు నుంచి వచ్చిన వైర్లను టార్చిలైటు సెల్లుకు తాకించాలి. రెండోవాళ్లు ఆ డోరు దగ్గర చెవి పెట్టాలి. కనెక్షన్ బాగుంటే స్పీకర్ 'టక్'మంటుంది. "వచ్చింది" అంటే, ముందున్నవాళ్లు తర్వాతి డోరు వైర్లు అందుకుంటారు. ముందు సీట్లో కూర్చునేది నా భార్య సుగుణ. పొయ్యి దగ్గరి నుంచి వచ్చి, కొంగుకు చేతులు తుడుచుకుని కూర్చునేది. నేను జవాబు ఆలస్యం చేస్తే, "చెవులేమన్న అమ్ముకున్నవా?" అనేది.

ఒక వానాకాలంలో సుగుణ పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకెళ్తే మళ్లీ ఇంటికి రాలేదు. మాకు పిల్లల్లేరు. పొద్దంతా షెడ్డులో గిరాకీతో మాట్లాడటమే తప్ప, ఇంట్లోకి వెళ్తే నా గొంతు నాకే వినపడేది కాదు.

చలికాలం వచ్చింది. ఒక కిరాణా సేటు తన అంబాసిడర్ వదిలి వెళ్లాడు. పొద్దుగాల్నే పిల్లాపాపలతో పాలకుర్తి గుట్టకు పోతాన్నమని, తెల్లారేసరికి నాలుగు డోర్లల్ల పాటలు రావాలెనని చెప్పాడు. సరే అన్నాను. ఇంట్లోకి వెళ్లడం కంటే పని చేసుకోవడమే నయం అనిపించింది.

రాత్రి బాగా పొద్దుపోయింది. నాలుగు స్పీకర్లూ బిగించాను. వైర్ల చివర్లు స్టీరింగ్ పక్కన ఊరికే వేలాడుతున్నాయి. సెల్లు ఇంకా డబ్బాలోనే ఉంది. డ్రైవర్ డోరుకు ఆఖరి స్క్రూ తిప్పుతున్నాను...

టక్.

చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తి లోపలికి చూశాను. సీటు ఖాళీ. వైర్లు దేనికీ తగలడం లేదు. బల్లి ఏమైనా దూరిందేమోనని డోరు మీద తట్టాను. ఏమీ లేదు. కాసేపాగి...

టక్.

తొందర లేదు ఆ చప్పుడుకు. కొట్టడం... ఆగడం... మళ్లీ కొట్టడం. పరుగెత్తాల్సింది. కానీ నోరు తనంతట తానే అంది, "వచ్చింది."

అంతే. అవతలి ముందు డోరులో... టక్.

మేమిద్దరం చూసే వరుస అదే. డ్రైవర్ వైపు, దాని అవతల, దాని వెనక, ఆఖరుకు డ్రైవర్ వెనకది. కారు చుట్టూ తిరిగి వెళ్లి చెవి పెట్టాను. ముందు సీటు వైపు తల తిప్పలేదు. "వచ్చింది" అన్నాను. వెనక డోరులో... టక్. "వచ్చింది." ఇక మిగిలింది ఒక్కటే.

నాలుగో డోరు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. టక్... నోరు తెరిచాను. మాట రాలేదు. నాలుగోదానికి "వచ్చింది" అనగానే సుగుణ లేచి ఇంట్లోకి వెళ్లిపోయేది. అది గుర్తుకొచ్చింది.

టక్...

నేను మాట్లాడలేదు.

టక్...

"సుగుణా, నువ్వేనా?" అన్నాను. ఆగి ఆగి అదే చప్పుడు. అక్కడి నుంచి నాకు ముందు సీటు వీపు మాత్రమే కనిపిస్తోంది. లేచి తొంగి చూస్తే తేలిపోతుంది. లేవలేకపోయాను. ఎవరైనా ఉంటారేమోనని భయం. ఎవరూ ఉండరేమోనని అంతకంటే భయం. అలాగే ఏడుస్తూ కూర్చున్నాను.

పాలవాడి సైకిల్ బెల్లు వినపడింది. చప్పుడు ఆగింది. లేచి చూస్తే సీటు ఖాళీ, వైర్లు వేలాడుతూనే ఉన్నాయి. గబగబా కనెక్షన్లు ఇచ్చాను. సేటు వచ్చాడు, నాలుగు డోర్లలో పాటలు విని సంబరపడి బండి తీసుకెళ్లాడు.

రేడియోలు బాగుచేసే దోస్తుకు చెబితే, "చలికి డోరు రేకు గుంజుకుంటది, గదే చప్పుడు," అన్నాడు. అయ్యుండొచ్చు. మరి నేను "వచ్చింది" అన్నప్పుడల్లా చప్పుడు పక్క డోరుకు ఎట్లా పోయిందని అడిగాను. జర చాయ్ తాగుదాం పద అన్నాడు.

ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. అది సుగుణే అయితే, ఒక్క మాట కోసం ఆమెను తెల్లారే దాకా ఆ చలిలో కూర్చోబెట్టాను. సుగుణ కాకపోతే... మా ఇద్దరి వరుస దానికెట్లా తెలుసు?