నాయన ఊపిరి బిగబట్టిన రోజు

పోయిన వారం ప్రొద్దుటూరులో బస్సు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే ముందు సీటు కమ్మీకి నా రొమ్ము ఎముక తగిలింది. దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినంత పనవుతుంటే, కోడలి పోరు పడలేక వీధి చివర కొత్తగా పెట్టిన స్కానింగు సెంటరుకు వెళ్లాను. ఉద్యోగమంతా ఎక్స్‌రే గదిలో గడిపి రిటైరైన మనిషిని కదా, ఎవరూ చెప్పకుండానే పక్కకు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకొని, రొమ్ము ముందుకు విరిచి, నిండా గాలి పీల్చి బిగబట్టి నిలబడ్డాను. అక్కడ ఎక్స్‌రే తీసే పిల్ల "ఐపాయ, రా అవ్వా" అని తలుపు తీసి తర్వాతి మనిషిని పిలిచేసింది కూడా, నేనింకా ఊపిరి బిగబట్టుకొనే ఉన్నాను. బయట బెంచీ మీద కూర్చున్నాక నాయన గుర్తొచ్చి ఒకటే నవ్వు. నవ్వితే నొప్పి, ఆ నొప్పికి మళ్లీ నవ్వు.

మా నాయన ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాడు. పొద్దస్తమానం కుంపటి ముందు కూర్చొని ఊదుగొట్టంతో ఊదీ ఊదీ, వంగిన వీపు పడుకున్నా తిన్నగా అయ్యేది కాదు. ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు, అన్నం దగ్గర కూడా ఆయన "ఊఁ" అంటే ఇంకో గరిటె, "ఊఁహూఁ" అంటే చాలని అర్థం. అలాంటి మనిషి నన్ను జమ్మలమడుగులో ఒక ఆసుపత్రికి ఎక్స్‌రే పని నేర్చుకోవడానికి పంపాడంటే, మా అమ్మ ఎన్నాళ్లు అలిగి కూర్చుందో మీరే ఊహించుకోండి.

నేను నేర్చుకుంటున్న ఆ రోజుల్లోనే ఒక ఎండాకాలం నాయనకు కామెర్లొచ్చాయి. పథ్యంతో తగ్గాయి గానీ మనిషి సగమయ్యాడు. ఒకరోజు నీళ్లు పోసుకుంటూ, పక్కటెముకలు రెండువైపుల నుంచీ వచ్చి కలిసే చోట, రొమ్ముకూ కడుపుకూ నడుమ చెయ్యి పెడితే గట్టిగా ఏదో తగిలింది. అంతే, అది రాచపుండేనని, ఇంక తాను ఏడాది కూడా బతకనని తీర్మానించేసుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లమంటే వెళ్లలేదు, ఎప్పుడో వదిలేసిన పులివెందుల సంబంధాన్ని మాత్రం మళ్లీ కదిలించాడు. తాను పోయేలోగా నన్నొక ఇంటిదాన్ని చేయాలని ఆయన తాపత్రయం. అబ్బాయి మంచివాడే, వాళ్ల షరతు కూడా ఒక్కటే, కోడలు ఉద్యోగం చేయకూడదు, ఆ నేర్చుకునేదేదో ఇప్పుడే మానేయాలి.

నాకేమో ఆ పని మీద ప్రాణం. చీకటిగదిలో ఎర్రబల్బు వెలుగులో, మందునీళ్లలో ముంచిన ఫిల్ము మీద పక్కటెముకలు ఒక్కొక్కటే తేలి వస్తుంటే ఎంత సంతోషమో, రోజూ చూసేదే అయినా రోజూ కొత్తే. పరీక్షలు కొద్ది నెలల్లో ఉన్నాయనగా అదంతా వదిలి వెళ్లాలంటే దుఃఖం ఆగలేదు. ఏడ్చి ఏడ్చి, చివరికి సెలవుకు ఇంటికొచ్చి కుంపటి ఎదురుగా కూర్చున్నాను.

"ఒక్క ఎక్స్‌రే తీయించుకో నాయనా. గడ్డ ఉందంటే నువ్వు పెట్టిన ముహూర్తానికే తల వంచుతా. ల్యాదంటే నన్ను సదువుకోనీ."

"చేతికే తగుల్తాంటే ఇంక ఎక్స్‌రే ఏందిమ్మే?" అని విసుక్కున్నాడు గానీ, తెల్లవారేసరికి ఉతికిన చొక్కా వేసుకొని జమ్మలమడుగు బస్సుకు తయారయ్యాడు.

నాకు పని నేర్పే సాయబుగారు, నువ్వే తియ్యి పాపా అని పక్కకు తప్పుకున్నాడు. ఎదురుగా తీస్తే రొమ్ము ఎముక వెన్నెముక నీడలో కలిసిపోతుంది, పక్క నుంచి తీయాల్సిందే. చేతులు వెనక్కి కట్టుకో, రొమ్ము విరుచు, గడ్డమెత్తు, కదలొద్దు అని నేను చెబుతుంటే, జన్మంతా వంగి పని చేసిన మనిషి ముక్కుతూ మూలుగుతూ నిటారుగా నిలబడ్డాడు. ఆయన అంత పొడుగరి అని నాకు ఆ రోజే తెలిసింది. గాలి పీల్చి బిగబట్టమని మీట నొక్కాను. బొమ్మ ఎలా వచ్చిందో చూడాలన్న ఆత్రంలో ఫిల్ము పెట్టె లాక్కొని చీకటిగది వైపు పరిగెత్తాను. వెనక నుంచి సాయబుగారు కేక పెట్టాడు, "పాపా, వదలమని చెప్పమ్మా! నేను చెప్తే ఇంటల్యా, మీ నాయన ఎర్రగా అయితాండాడు!" వెనక్కి తిరిగి ఇంక వదులు నాయనా అన్నాకే ఆయన ఊపిరి వదిలాడు.

నీళ్లు కారుతున్న ఫిల్మును డాక్టరమ్మ కిటికీ వెలుగుకు పట్టి చూసి నవ్వింది. గడ్డా లేదు, గిడ్డా లేదు, అది రొమ్ము ఎముక కొస. చిన్నతనంలో చెవి డొప్పలా మెత్తగా ఉండి, వయసు పైబడే కొద్దీ గట్టిపడుతుంది, ఈయనకు కాస్త ముందుకు వంగి ఉంది, కామెర్లకు కండ కరిగేసరికి చేతికి దొరికింది, అంతే. నాయన నమ్మలేదు. సాయబుగారు తన రొమ్ము చూపిస్తే వేలితో నొక్కి నొక్కి చూసి, "నీకు గూడా ఉండాదే!" అని పొంగిపోయాడు. ఇంటికొచ్చాక మా అమ్మకు వెతికాడు. ఆమె కాస్త ఒళ్లున్న మనిషి, ఎంతకీ దొరకలేదు. తనకున్నది ఆమెకు లేకపాయనే అని రెండు రోజులు దిగులు పడ్డాడు.

పిల్ల పరీక్షలయ్యేదాకా ఆగమని పులివెందులకు కబురు పోయింది. వాళ్లు ఆగలేదు, నేనూ బాధపడలేదు. ఆ ఫిల్ము మాత్రం నాయన అంగట్లో మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. గాజులకొచ్చిన వాళ్లయినా, కమ్మలకొచ్చిన వాళ్లయినా ముందు దాన్ని వెలుగుకు పట్టి చూడాల్సిందే, ఇది నా ఎముక, తీసింది నా కూతురు అని ఆయన చెప్పేది వినాల్సిందే. గ్రహణం చూడ్డానికి వీధి పిల్లలు అడిగితే ఇవ్వలేదు. "సూర్యుడు రేపు గూడా వస్తాడు పోండప్పా, నా ఎముక మీద గీత పడితే మళ్లా వస్తాదా?" అన్నాడు.

స్కానింగు సెంటరు పిల్ల నా బొమ్మను ఫోనుకు పంపించింది. ఎముక విరగలేదట. అలవాటు కొద్దీ ఆ ఫోనునే కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఆ పిల్ల పకపకా నవ్వింది. పక్క నుంచి తీసిన బొమ్మలో నా రొమ్ము ఎముక కొస, కాస్త ముందుకు వంగి, అచ్చం నాయనదే. ఇప్పుడు చీకటిగది లేదు, మందునీళ్ల వాసన లేదు, బొమ్మ క్షణంలో వస్తుంది, మంచిదే, నాకేం ఫిర్యాదు లేదు. కాకపోతే మా రోజుల్లో ఊపిరి బిగబట్టమని ఒక మనిషికి చెబితే, వదలమని చెప్పేదాకా ఆ ఊపిరి మన బాధ్యత. ఆ పూట స్కానింగు గదిలో నేనూ ఆయనలాగే ఎవరో చెబుతారని ఎదురుచూశాను, ఎవరూ చెప్పలేదు. ఫోనులో ఆ వంగిన కొసను వేలితో తడుముతూ, పైకి వినపడకుండా నేనే అన్నాను, ఇంక వదులు నాయనా.