ముఖ్తార్ తాగిన కాఫీ

మిజ్‌హిర్ ఇరవై రెండేళ్లుగా మా పేటకి ముఖ్తార్. అంటే పేట పెద్ద. జేబులో ఒక ముద్ర, దానికో చిన్న సిరా డబ్బీ. ఆ ముద్ర పడకపోతే పుట్టిన బిడ్డకి రేషన్ రాదు, పోయినవాడికి చావు కాగితం రాదు. మనిషి పొట్టి, మీసం మాత్రం పొడుగు. ప్రతి శుక్రవారం దానికి నల్లరంగు వేసుకునేవాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకునేవాడు.

పాత ప్రభుత్వం రోజుల్లో ఇంటింటికీ తిరిగి ముందు గదిలో నాయకుడి ఫోటో ఉందో లేదో చూసిపోయేవాడు. మా గోడ చెమ్మకి ఫోటో అంచు వంకరపోతే, "లువై తల్లీ, నాయకుడు నీ ఇంట్లో ముడతలు పడుతున్నాడేమిటి?" అన్నాడు. మా దగ్గర తల్లిని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. నవ్వుతూనే అన్నాడు. మా ఆయనకి వారం రోజులు అన్నం సయించలేదు. విదేశీ సైన్యం వచ్చాక ఆ ఫోటోలన్నీ పోగుచేయించి తగలబెట్టించింది కూడా ఈయనే. ఖర్జూరాల పళ్లెం పట్టుకుని వాళ్ల ట్యాంకుకి ఎదురెళ్లాడు. ఆ తర్వాత సైన్యం మీద తిరగబడ్డ ముసుగులవాళ్లు పేటలో తిరిగిన ఏడాది, గోడల మీద "పరాయి సైన్యం పోవాలి" అని రాయించాడు. సైన్యం వాళ్లని తరిమి ఆడపిల్లల బడిలో మకాం పెట్టగానే ఆ రాతల మీద సున్నం కొట్టించాడు. సున్నం పల్చన. ఎండ పడితే ఇప్పటికీ చదువుకోవచ్చు.

ఆయన్ని చెడ్డవాడు అనడానికి నాకు నోరు రాదు. చెడ్డతనానికి కూడా కొంచెం పట్టుదల ఉండాలి.

మా పెద్దవాడు లువై ఆ బడి ముందు కట్టిన అడ్డుగోడ దగ్గరే పోయాడు. కారులో కిరసనాయిలు డబ్బాలు వేసుకొస్తున్నాడు. ఆగమని ఎత్తిన చెయ్యి ఎండలో కనబడలేదో, బ్రేకు ఆలస్యంగా పడిందో. కాల్చారు. చావు పందిట్లో మూడోరోజు, చిన్నవాడు సుహైల్ లేచివెళ్లి బడి ముందు నిలబడి అరిచాడు. అరిచినందుకు పట్టుకుపోయారు. దక్షిణాన ఎడారిలో, గుడారాల జైలు. నేను చెప్పబోయే ఎండాకాలానికి వాడు వెళ్లి పద్నాలుగు నెలలు.

మా సందులో రొట్టెల పొయ్యి ఒకటే. పొద్దున్నే ఆడవాళ్లం పిండిముద్దలు పట్టుకుని అక్కడ చేరతాం. సైన్యం ఉండాలా పోవాలా అన్న మాట అక్కడ రోజూ వచ్చేది. మా పక్కింటి నహీదా ఉండాలనే మనిషి. ఆమె భర్తని ముసుగులవాళ్లు ఇంట్లోంచి లాక్కుపోయారు. ఎక్కడ పూడ్చారో కూడా తెలియదు.

"వీళ్లు పోయిన మర్నాడు వాళ్లొస్తారు వదినా. నీకు బడి ముందు అడ్డుగోడ కనబడుతుంది. నాకు నా వాకిలి తలుపు కనబడుతుంది."

"నా కొడుకుని చంపినవాళ్లే నాకు కాపలా అంటే ఎలా ఒప్పుకోను?"

"ఒప్పుకోకు. ఆ మూల రొట్టె మాడుతోంది, కాస్త తియ్యి."

అంతకు మించి మేము పోట్లాడుకోలేదు. ఆమె భయం ఆమెది, నా కడుపుకోత నాది. రెండూ నిజమే. ముఖ్తార్‌కి ఆ రెండిట్లో ఏదీ లేదు.

ఆ ఎండాకాలం, సైన్యం ఇంకెన్నాళ్లుండాలో రాజధానిలో పెద్దవాళ్లు బేరం ఆడుకుంటున్నారు. ముఖ్తార్ ఒక కాగితం రాయించాడు. ఈ పేట జనం సైన్యం తమని విడిచి పోవద్దని వేడుకుంటున్నారు, అని. కింద అరవై దాకా వేలిముద్రలు. నహీదా వేసింది, మనసారా వేసింది. మిగతావాళ్లలో సగం మంది అది రేషన్ కాగితం అనుకున్నారు. సైన్యం చేతిలో పోయినవాడి తల్లి వేలు కూడా పడితే బడిలో ఉన్న కమాండర్ తనని కుర్చీలో కూర్చోబెడతాడని ముఖ్తార్‌కి తోచింది.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మా ఇంటికొచ్చాడు. ఒక్కడే వస్తే తలుపు తియ్యనని తెలుసు, అందుకని హాజీ దహ్హామ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. దహ్హామ్ మా ఆయన మేనమామ, మా వంశానికి పెద్ద. మా ఆయన అప్పటికే పోయాడు, ఇంట్లో మగదిక్కు లేదు కనుక నేనే కాఫీ పోశాను.

పెద్దమనుషులు ఏదైనా అడగడానికి వస్తే పోసిన చేదు కాఫీ తాగరు. కప్పు నేలమీద పెట్టి కూర్చుంటారు. "తాగండి, అడిగింది ఇచ్చాం" అని ఇంటివాళ్లు అన్నాకే నోటికెత్తుతారు. ముందే తాగితే అడిగింది వదులుకున్నట్టే. ఆ కప్పుని అలాగే చల్లారనిచ్చిన ఇంటిని జనం తరతరాలు తప్పుపడుతూ చెప్పుకుంటారు. నెత్తురు పగలు కూడా ఆ కప్పు దగ్గర తీరిపోయాయి. ముఖ్తార్ తన కప్పు నేలమీద పెట్టాడు. దహ్హామ్ మామ కూడా పెట్టాడు, నా మొహం చూడకుండా.

"లువై తల్లీ, నేను నీ గుమ్మం తొక్కింది నీ మేలు కోరే" అన్నాడు ముఖ్తార్. "ఈ కాగితం మీద నీ వేలు వెయ్యి. సుహైల్ వారం తిరక్కుండా నీ ఇంట్లో ఉంటాడు."

"వాడినెవరు వదులుతారు?"

"కమాండర్. నా మాట మీద."

"మీరు నిన్న కూడా ఆయనతో మాట్లాడారా?"

"రోజూ మాట్లాడతాం. నన్నడక్కుండా వాళ్లు చెత్తబండి కూడా కదల్చరు."

దహ్హామ్ మామ దగ్గాడు.

నిజం చెప్పాలి. నా బొటనవేలు ఒంటి మీద కప్పుకున్న నల్ల అబాయా అంచుని నలుపుతూనే ఉంది. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు. ఉన్నవాడు ఒక వేలిముద్ర దూరంలో ఉన్నాడంటున్నాడు. మరో రెండు మాటలు చెప్పి ఆయన నోరు మూసుకుని ఉంటే నేను వేసేదాన్నే.

మూసుకోలేదు. ఎదురుగా వినేవాళ్లుంటే ఆయనకి ఆపడం చేతకాదు. సైన్యం ఉంటే కరెంటు వస్తుందన్నాడు. పోతే ఆడపిల్లలు బడికి వెళ్లలేరన్నాడు, సైన్యం కూర్చున్నదే ఆడపిల్లల బడిలో అన్న సంగతి మరిచి. ఈ పేట కోసం తాను నిద్ర మానుకున్నానన్నాడు, ఆరోగ్యం చెడగొట్టుకున్నానన్నాడు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. మీసం రంగు చెమటకి కరిగి పెదవి మీదికి దిగుతోంది. గొంతు ఎండింది.

ఇరవై రెండేళ్లుగా ఆయన అందరిళ్లకీ ముద్ర ఇవ్వడానికే వెళ్లాడు. అడగడానికి ఏ ఇంటికీ వెళ్లలేదు. ఎదుట కాఫీ ఉంటే తాగడమే ఆ చేతికి తెలుసు. మాట మధ్యలో కప్పు ఎత్తాడు, గటగటా తాగాడు, ఇక చాలన్నట్టు రెండు వేళ్లతో అటూ ఇటూ ఊపి నాకు అందించాడు. మాట ఆపలేదు.

నేను కప్పు అందుకున్నాను.

"మిజ్‌హిర్" అన్నాడు దహ్హామ్ మామ.

"ఒక్క నిమిషం హాజీ, భద్రత గురించి చెబుతున్నాను."

"తాగేశావు."

"ఏమిటి?"

"కాఫీ తాగేశావు. ఆమె ఇంకా ఏమీ ఇవ్వలేదు."

ముఖ్తార్ నా చేతిలో కప్పు వంక చూశాడు. "పొరపాటైంది. ఇంకొక్కటి పొయ్యమ్మా, కింద పెడతాను."

"పోస్తాను" అన్నాను. "దాహం అన్నవాళ్లని మా ఇంట్లో కాదనం. కానీ అది దాహానికే."

దహ్హామ్ మామ మోకాలి మీద చెయ్యి వేసి లేచాడు. "మా నాన్న ఎండలో మూడు పూటలు కప్పు ముట్టకుండా కూర్చుని ఒకడి ప్రాణం అడిగి తెచ్చాడు. నువ్వు పావుగంట కూర్చోలేకపోయావు. పద."

తన కప్పు నిండుగా అలాగే ఉంచి వెళ్లిపోయాడు. ముఖ్తార్ చెప్పులు తారుమారు చేసి తొడుక్కుని వెనకాలే పరిగెత్తాడు.

నేను గెలిచానని అనిపించలేదు. సుహైల్ వారంలో రావలసినవాడు, నేను రాకుండా చేశానేమో అనిపించింది. మర్నాడు పొయ్యి దగ్గర నహీదాతో ఆ మాటే అన్నాను. ఆమె చేతికంటిన పిండి దులుపుకుని, "పద, ఆ కమాండర్నే అడుగుదాం" అంది. ఆ బడిలోవాళ్లు ఉండాలనే మనిషి, వాళ్లని నిలదీయడానికి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. లువై పోయిన తర్వాత ఆ అడ్డుగోడ దగ్గరికి నేను వెళ్లడం అదే మొదలు.

కమాండర్ రాలేదు. దుబాసీ వచ్చాడు, ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి గుడ్డ కట్టుకున్న మన కుర్రాడే, రాజధాని యాస. సుహైల్ పేరు చెబితే లోపలికెళ్లి ఒక పుస్తకం చూసొచ్చాడు.

"అమ్మా, వాడి మీద కేసేమీ లేదు. వదిలెయ్యడానికి కాగితం సిద్ధం. మీ పేటవాడేనని ముఖ్తార్ ముద్ర ఒక్కటి పడాలి. మూడు వారాల కిందట ఆయన చేతికే ఇచ్చాం."

"వేలిముద్రల కాగితమో?" అంది నహీదా.

"అదా? అది మేమడగలేదు. ఆయనే పట్టుకొచ్చాడు. ఉండాలో పోవాలో మీ పేటలోనూ మా బడిలోనూ తేలేది కాదమ్మా. ఫైల్లో పెట్టాం."

నహీదా తన బొటనవేలి వంక చూసుకుంది. ఆమె మనసారా వేసిన వేలు అది.

దహ్హామ్ మామకి చెప్పాను. ఆయన అరవలేదు. ముఖ్తార్ ఇంటికెళ్లి, మోచెయ్యి పట్టుకుని సందులోకి నడిపించుకొచ్చాడు. రొట్టెల పొయ్యి దగ్గర, పిండి చేతుల ఆడవాళ్లందరూ చూస్తుండగా, ఆ కాగితం జేబులోంచి తీయించాడు. మూడు వారాలూ అది ముద్ర ఉన్న జేబులోనే ఉంది.

"పనుల ఒత్తిడిలో మరిచాను హాజీ."

"కొట్టు."

కొట్టాడు. వెంటనే నా వైపు తిరిగి, "చూశావా లువై తల్లీ, చెప్పానా వారం తిరక్కుండా" అన్నాడు.

సుహైల్ పన్నెండో రోజున వచ్చాడు. సన్నబడ్డాడు, ఎడం చెవి సరిగ్గా వినబడదు. జరిగిందేదీ వాడికి చెప్పలేదు. చెబితే మళ్లీ ఎక్కడికెళ్లి అరుస్తాడో అని.

మరుసటి ఏడాది సైన్యం బడి ఖాళీ చేసింది. ఎవరినీ అడగలేదు. పొద్దున చూస్తే బళ్లు సర్దుకుంటున్నారు, మధ్యాహ్నానికి లేరు. నహీదా తలుపుకి రెండో గడియ పెట్టించింది. ఆమెని తప్పుపట్టను. ఆ రోజు నుంచి సుహైల్ మంచం ఆమె వాకిట్లోనే వేయించాను.

సాయంత్రం బడి ముందు జనం పోగయ్యారు. ముఖ్తార్ బల్ల ఎక్కాడు. కొత్తగా రంగేసిన మీసం. పరాయి సైన్యాన్ని మొదటి రోజు నుంచీ కాదన్నది తానేనన్నాడు. వాళ్ల మొహం మీదే పొమ్మన్నానన్నాడు. ఆ అరవై వేలిముద్రలవాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్లలో కొందరు చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత బల్ల దిగి, ముందువరసలో ఉన్న సుహైల్ భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"వీణ్ణి వాళ్ల చెరలోంచి విడిపించింది ఎవరు? చెప్పరా అబ్బాయ్, అందరికీ చెప్పు."

సుహైల్ జనంలో నాకోసం వెతికాడు. ఆడవాళ్ల వైపున నిలబడి ఉన్నాను. అవునా అని కళ్లతో అడిగాడు. కాదని తల ఊపాను.

వాడు ఆ చెయ్యిని మణికట్టు దగ్గర పట్టుకుని, గొడవేమీ చెయ్యకుండా, బట్టమీద వాలిన పురుగుని తీసినట్టు తీసేసి, ఇంటికి నడిచాడు.