కుడిచేతి తుపాకీని నా ఎడమచేతికి మార్పించుకున్నాను

ఈ రోజు మా ఆయన జోడుగొట్టాల తుపాకీని కమ్మరి తాత దగ్గరికి తీసుకెళ్లాను. మా ఆయన పనికోసం రంగూన్ వెళ్లి నాలుగేళ్లయింది, ఆఖరి ఉత్తరం వచ్చి రెండేళ్లు. కొండవాలులో మా చోడి చేలోకి అడవిపందులు దిగుతున్నాయి, కాపలా నాదే. నాదేమో ఎడమచేతి వాటం. తుపాకీ మీటలు రెండూ కుడిచేతి వేలికి అందేట్టు ఒంపు తిరిగి ఉన్నాయి. పేల్చినప్పుడల్లా ముందు మీట నా వేలిని కోసేస్తోంది.

తాత మీటలు ఊడదీసి, కొలిమిలో పెట్టబోయి ఆగాడు.

"ఒకపాలి ఇటు ఒంచీసినాక నీ పెనిమిటి సేతికి కుదరదమ్మా. ఆడొచ్చి అడిగితే ఏటి సెప్తావు?"

"అడగడానికైనా రమ్మను తాతా" అన్నాను.

తాత తిత్తి ఊది, మీటలు కాల్చి, నెమ్మదిగా ఎడమచేతికి తగ్గట్టు తిప్పాడు.

బిగించి ఇచ్చాక ఎడమచేతి వేలు పెట్టి చూశాను. హాయిగా అమరింది. అక్కడే ఏడ్చేశాను. ఇన్నాళ్లూ అది గుచ్చుకుంటుంటే మా ఆయన చెయ్యి ఇంకా దాని మీదే ఉన్నట్టుండేది.

దూరం వెళ్లినవాళ్ల వస్తువులు మీ ఇళ్లలోనూ ఉంటాయి కదా. మీ చేతికి తగ్గట్టు మార్చుకున్నారా, లేక నొప్పి పెట్టినా అలాగే ఉంచారా? చెప్పండి, నాకు తెలుసుకోవాలనుంది.