ఆఖరి రీలు చూడని అధ్యక్షుడు

ప్రొద్దుటూరు పట్టణ చలనచిత్ర విమర్శకుల సంఘం అధ్యక్షుడు ఫకీర్ సాహెబ్ ఒక్క సినిమా కూడా ఆఖరిదాకా చూసి ఎరుగరు. విలన్ కత్తి తీసి హాలంతా ఊపిరి బిగబట్టిన సమయానికి ఆయన టోపీ సర్దుకుని, "దారియ్యండప్పా" అంటూ పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ బయటికి నడిచేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో పుట్టిన సంఘం అది. అత్తరు దుకాణం సాహెబ్ అధ్యక్షుడు, బడిపంతులు ఆదినారాయణ కార్యదర్శి. మిగిలిన ఇద్దరూ పత్తి వ్యాపారులు. వాళ్లు సినిమాకొచ్చేది ఫ్యాను కింద కునుకు తీయడానికి. ఏటా ఉత్తమ చిత్రానికి వెండిపూత కప్పు ఇచ్చేవారు. మద్రాసు నుంచి ఎవరూ రారు కాబట్టి నిర్మాత తరఫున సినిమాహాలు మేనేజరే అందుకునేవాడు. ఆ మేనేజరు ఇంట్లో పోపుదినుసులన్నీ ఆ కప్పుల్లోనే ఉండేవి.

అధ్యక్ష పదవంటే సాహెబ్‌కు ప్రాణం. దుకాణం బోర్డు మీద అత్తరు చిన్నక్షరాల్లో, అధ్యక్షుడు పెద్దక్షరాల్లో రాయించుకున్నారు. సంఘం సినిమా చూసేది సంత రోజు మ్యాట్నీలోనే అన్న నియమం కూడా ఆయన పెట్టిందే.

చివర చూడకపోతే పోయె, చివర గురించి రాయకుండా ఊరుకోవచ్చు కదా! ఊళ్లో వారపత్రికలో ఆయన సమీక్షల్లో సగం ముగింపు గురించే ఉండేది. హీరో చచ్చిపోయిన సినిమాలో పెళ్లి భోజనాలు అమోఘమని రాశారు. విలన్ జైలుకు పోయిన సినిమాలో వాణ్ణి బావిలో పడేసి, బావిలో నీళ్లు తక్కువగా ఉండటం దర్శకుడి లోపమన్నారు. ఆ బావి కోసం టిక్కెట్టు కొన్నవాళ్లు మేనేజరు మీదికి కలబడ్డారు.

"సాహెబ్ గారూ, ఆ సినిమాలో అసలు బావే లేదు!" అని ఆదినారాయణ తల పట్టుకున్నాడు.

"ల్యాదా? ఉండింటే శానా బాగుండేది గదా అయివారూ. సలహా ఇచ్చినా అనుకో."

"చివరిదాకా కూర్చుంటే ఏం పోతాది?"

"గుండెదడప్పా. ఆడపిల్ల మీద కత్తి లేస్తే చూడలేను."

"పోయిన వారం సినిమాలో కత్తే లేదు. చివర్లో హరికథ!"

"హరికథకు గూడా దడే."

ఇంతలో మద్రాసు నుంచి సంఘానికి జన్మలో మొట్టమొదటి ఉత్తరం వచ్చింది. మా చిత్రంలో బావి లేదు, మీ కప్పు మాకు వద్దు అని దాని సారాంశం. ఆదినారాయణ ఇక ఊరుకోలేదు. సినిమా పూర్తిగా చూడనివారికి ఓటూ లేదు, పదవీ లేదు అని ఆ రోజే తీర్మానం రాసి సంతకాలు పెట్టించాడు. సాహెబ్ కూడా సంతకం పెట్టారు. ఆ పూట టీ మాత్రం తాగలేదు.

ఆ ఏటి ఆఖరి సినిమాకు ఆదినారాయణ ఆయన పక్కనే కూర్చుని, జుబ్బా అంచు తన తొడ కింద అదిమిపెట్టుకున్నాడు. తెర మీద విలన్ కథానాయికను కొండ మీదికి ఈడ్చుకుపోతున్నాడు. సాహెబ్ కుర్చీలో ఇటూ అటూ మెదిలి, చివరికి లేచారు.

"లేస్తే పదవి పోతాది సాహెబ్ గారూ."

ఆయన మొహం చిన్నబోయింది. "పోనీలే అయివారూ. ఇడువు, టైమయితాంది" అని గట్టిగా లాగారు. జుబ్బా పర్రున చిరిగింది.

చిరిగిన ముక్క చేతిలో పట్టుకుని ఆదినారాయణ వెంటపడ్డాడు. ఆ చప్పుడుకు మెలకువ వచ్చిన వ్యాపారులిద్దరూ హాలుకు నిప్పంటుకుందనుకుని వాళ్ల వెనకే పరుగెత్తారు.

బస్టాండులో జమ్మలమడుగు పోయే ఆఖరి బస్సు ఇంజను ఉరుముతోంది. దాని ముందు సాహెబ్ చేతులు చాపి నిలబడి ఉన్నారు.

"నా టోపీ ఈ బస్సులో పోయింది! ఇచ్చి కదులు!"

"టోపీ నీ నెత్తినే ఉండాది గదా మామా!" అని డ్రైవర్ వలి బాషా అరిచాడు.

"ఇది వేరే టోపీ!"

ఈ రభస సాగుతుండగానే సినిమా వదిలారు. సంతకొచ్చిన పల్లె ఆడవాళ్లు గంపలతో, చంకల్లో పిల్లలతో పరుగున వచ్చి బస్సెక్కారు. అందరూ ఎక్కగానే సాహెబ్ పక్కకు తప్పుకుని కిటికీ దగ్గరికి పోయారు.

"పెంచలమ్మా, ఆఖర్న ఏమాయ?"

"ఆ పిల్లోడొచ్చి ఆయమ్మిని ఇడిపించుకునె సాబన్నా! ఆ దొంగనాబట్ట కొండ మీదినుంచి పడి బావిలో సచ్చె!"

"శభాష్!" అన్నారు సాహెబ్.

బస్సు పోయింది. ఆదినారాయణ జుబ్బా ముక్క సాహెబ్ చేతిలో పెట్టాడు.

"ప్రతి సంతకూ ఇదేనా సాహెబ్ గారూ?"

"ఏం జేయమంటావ్? సినిమా అయ్యేలోపలే బస్సు పోతాది. వాళ్లు వారమంతా పత్తి ఏరి ఒక్క సినిమాకొస్తారు. ఆ పిల్ల బతికిందో సచ్చిందో తెలీకుండా లేసిపోతే, ఆ రాత్రి నిద్ర పడతాదా?"

"మరి మీకు?"

"నాకు పెంచలమ్మ చెప్తాది గదా!"

ఆ మనిషి మీద ఆదినారాయణకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. సాయంత్రం సమావేశంలో లెక్క చూస్తే, సభ్యుల్లో ఎవరూ సినిమా చివర చూడలేదు. తీర్మానం ప్రకారం ఎవరికీ ఓటు లేదు, ఎవరికీ పదవి లేదు. ఆదినారాయణే లేచి దాన్ని కొట్టేశాడు. ఫకీర్ సాహెబ్ అధ్యక్షుడిగా రెండు టీలు తాగారు.

మరుసటి సంతకు, విలన్ తుపాకీ తీయగానే ఆదినారాయణ లేచాడు.

"యాడికి అయివారూ?"

"మీరు కూర్చోండి. ఈ పొద్దు చివరిదాకా చూడండి. నేను పోతాండా."

బస్సు ముందు నిలబడ్డాడు గానీ, పాపం, జన్మలో తగవు పడి ఎరుగడు. చాలాసేపు ఆలోచించి, "ఏమప్పా... ఈ బస్సు రంగు నాకు నచ్చలేదు" అన్నాడు.

వలి బాషా కిటికీలోంచి వంగి గొంతు తగ్గించాడు. "అట్లయితే కాదు అయివారూ, ఇంగా గట్టిగా అరువు. ఆడ టైంకీపరు చూస్తాండాడు. తగవు ల్యాకుంటే బస్సు ఎట్ట నిలిపేది నేను? ఆ సినిమా చూసేటోళ్లల్లో మా అమ్మ గూడా ఉండాది."